సైలెన్సరు గొట్టంలో పోయిన మర – బాగు చేసే విధానం



దసరా సెలవులకు ముందు మా ఊరి వ్యాను మూడు వారాలు చింతచెట్టు కింద కదలకుండా ఉండిపోయింది. మా వైపు నుంచి వచ్చే పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు, ఎందుకంటే సెలవులకు అందరం మెయిన్ రోడ్డు దగ్గర బస్సు దిగి ఏడు కిలోమీటర్లు పెట్టెలు మోసుకుని నడిచాం. ఇంజను పోయిందని ఒకరు, గేరుబాక్సు పోయిందని ఇంకొకరు చెప్పారు. నిజానికి పోయింది అవేవీ కాదు. సైలెన్సరు గొట్టంలో ఒక రంధ్రానికి లోపలున్న మర పోయింది, అంతే. మర అంటే బోల్టుకీ నట్టుకీ ఉండే మెలికల గాడి. మెకానిక్కులు థ్రెడ్డు అంటారు.

ఆ వ్యాను మా చిన్నాన్నది. సంతకు పసుపు, రాజ్మా బస్తాలు దింపేది అదే. రాత్రిపూట ఎవరికైనా నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లేదీ అదే. కాబట్టి ఒక్క మర పోతే ఊరికి ఎంత ఇబ్బందో మీరే ఊహించుకోండి. సెలవుల్లో మా మావయ్య (అంటే మా అమ్మ తమ్ముడు, లేతు మిషను మీద పని చేస్తాడు) వచ్చి దాన్ని బాగు చేశాడు. నాలుగు రోజులు నేను పక్కనే ఉండి పానాలు అందించాను. చూసింది చూసినట్టు, అడిగి తెలుసుకున్నది తెలుసుకున్నట్టు రాస్తున్నాను. పక్కన బొమ్మ కూడా వేశాను. బొమ్మ వంకరగా వచ్చింది, క్షమించాలి.

ముందు ఆ రంధ్రంలో ఏముంటుందో చెప్పాలి. ఇంజనులోంచి పొగ బయటికొచ్చే దారిలో, గొట్టానికి పక్కగా, బొటనవేలంత లావున్న ఒక వస్తువు బిగించి ఉంటుంది. దాని తోక నుంచి వైర్లు పోతాయి. దాని పేరు ఆక్సిజన్ సెన్సారు. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కనిపెట్టడమే దాని పని. పొగలో ఆక్సిజన్ ఎందుకుంటుంది అని నేనూ అడిగాను. పెట్రోలు మండాలంటే గాలి కావాలి కదా. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి అంతకంటే ఎక్కువైతే వాడని ఆక్సిజన్ పొగతోపాటు బయటికొస్తుంది. పెట్రోలు ఎక్కువైతే కొంత కాలకుండా పోతుంది, విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. ఈ లెక్క సరిగ్గా ఉంచడానికి బండిలో ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. దానికి పొగ సంగతి చెప్పే ముక్కు ఈ సెన్సారే అన్నమాట.

సెన్సారు కొనలో జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో చేసిన చిన్న తొడుగు ఉంటుంది. దానికి రెండు వైపులా పల్చగా ప్లాటినం పూత. తొడుగు బయట పొగ, లోపల మామూలు గాలి. బాగా వేడెక్కితే, అంటే 300 డిగ్రీలు దాటాక, రెండు వైపులా ఆక్సిజన్ లో ఉన్న తేడాను బట్టి అది కొద్దిగా విద్యుత్తు పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ బాగా తక్కువుంటే 0.9 వోల్టు దాకా, ఎక్కువుంటే 0.1 వోల్టు దగ్గరికి. మన టార్చిలైటు సెల్లు 1.5 వోల్టులు, దానికంటే తక్కువే. అయినా కంప్యూటరు ఆ చిన్న మాటను క్షణక్షణం విని పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది.

ఇలాంటి సెన్సారును మొదట 1976లో వోల్వో కార్లలో పెట్టారు, తయారు చేసింది జర్మనీలోని బాష్ కంపెనీ. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి చేశారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు, ఎందుకంటే సీసం ఆ కన్వర్టరునూ ఈ సెన్సారునూ రెండింటినీ చంపేస్తుంది. 2020 ఏప్రిల్ లో బీఎస్ 6 నిబంధనలు వచ్చాక మోటారు సైకిళ్లకు కూడా సెన్సారు వచ్చేసింది. మన పాఠశాల గేటు దగ్గర ఆగే కొత్త బండ్ల సైలెన్సరు మొదట్లో వంగి చూడండి, వైరు తగిలించిన చిన్న బోల్టు లాంటిది కనబడుతుంది. చేత్తో మాత్రం ముట్టకండి, కాలుతుంది.

ఇక మర సంగతి. చాలా కార్లలో ఈ సెన్సారుకు ఉండే మర సైజును ఎం 18 × 1.5 అని రాస్తారు. నాకిది మొదట లెక్కల పుస్తకంలో గుణకారంలా కనిపించింది. అర్థం చాలా తేలిక. మర బయటి వ్యాసం 18 మిల్లీమీటర్లు. ఒక మెలికకూ పక్క మెలికకూ మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు. అంటే సెన్సారును ఒక్క చుట్టు తిప్పితే సరిగ్గా ఒకటిన్నర మిల్లీమీటరు లోపలికి దిగుతుంది. మోటారు సైకిళ్ల మర ఇంకా చిన్నది, దీనితో కలపకూడదు.

గొట్టం రేకు పల్చన కాబట్టి దానికే నేరుగా మర కోయలేరు. అందుకని రంధ్రం మీద మందపాటి ఇనుప ఉంగరం వెల్డింగు చేసి, ఆ ఉంగరం లోపల మర కోస్తారు. మావయ్య దాన్ని బుష్ అంటాడు. మా వ్యానులో బుష్ ఎత్తు స్కేలుతో కొలిస్తే 10 మిల్లీమీటర్లు వచ్చింది. పదిని ఒకటిన్నరతో భాగిస్తే ఆరున్నర చుట్ల పైన. అంటే ఆ సెన్సారు అంతటినీ పట్టి ఉంచేది కేవలం ఆరు మెలికలు. పొగ బయటికి కారకుండా ఆపేది మాత్రం మర కాదు, సెన్సారు మెడ దగ్గరుండే వాషరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమొస్తుంది.

మర ఎలా పోతుంది? రెండు విధాలుగా పోతుంది, మా వ్యానులో రెండూ జరిగాయి.

మొదటిది తుప్పు. గొట్టం ఎర్రగా కాలుతుంది, వానకు చల్లారుతుంది, బురద నీళ్లు చిమ్ముతాయి, మళ్లీ కాలుతుంది. ఇనుము తుప్పు పడితే అంతకుముందున్న చోటు దానికి చాలదు, ఉబ్బుతుంది. గాడికీ గాడికీ మధ్య వెంట్రుకంత సందులో ఆ ఉబ్బు ఇరుక్కుని సీలు వేసినట్టు పట్టేస్తుంది. ఏళ్ల తరబడి కదలని సెన్సారును ఒక్కసారిగా తిప్పితే, మర మీదే మర గీరుకుని లోహం పొరలు పొరలుగా ఊడి వచ్చేస్తుంది.

రెండోది వంకరగా ఎక్కించడం. మంచినీళ్ల సీసా మూతను ఎప్పుడైనా ఏటవాలుగా తిప్పారా? సగం ఎక్కి ఆగిపోతుంది, బలవంతం చేస్తే మూత గాడి చెడుతుంది. ఇనుముకైనా అదే సూత్రం. కాకపోతే సీసా మూతను వేళ్లతో తిప్పుతాం కాబట్టి తప్పు చేతికి తెలుస్తుంది. పొడుగు పానా పట్టుకుంటే తెలియదు.

చిన్నాన్న వ్యానులో పాత సెన్సారు పనిచేయక డ్యాష్ బోర్డులో పచ్చదీపం లాంటి పసుపు దీపం వెలిగింది. కింద పట్నంలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడి కుర్రాడు పాతదాన్ని నూనె కూడా వేయకుండా పానా తొడిగి లాగేశాడు, మర సగం దానితోనే వచ్చింది. ఆ పైన కొత్తదాన్ని వేళ్లతో మొదలుపెట్టకుండా పానాతోనే ఎక్కించాడు. అది ఎక్కకపోతే పానా చివరకు మీటరు పొడవున్న గొట్టం తొడిగి మీద వాలిపోయాడు. మనం ఫిజిక్సులో చదివాం కదా, తిప్పే శక్తి అంటే బలాన్ని దూరంతో గుణించాలి. ఇలాంటి సెన్సారుకు కావలసింది సుమారు 45 న్యూటన్ మీటర్లు. అంటే 30 సెంటీమీటర్ల పానా చివర 150 న్యూటన్లు, అంటే దాదాపు 15 కిలోల బరువు వేలాడదీసినంత. మీటరు గొట్టం చివర 30 కిలోల బరువు వేశాడనుకున్నా 300 న్యూటన్ మీటర్లు అవుతుంది. ఆరు రెట్ల పైమాటే. ఆరు మెలికలు ఎంతకని ఓర్చుకుంటాయి?

వారం తిరక్కుండానే సెన్సారు వదులై ఘాటీ ఎక్కేటప్పుడు పట పట మని చప్పుడు మొదలైంది. మళ్లీ అదే షెడ్డు. ఈసారి వాళ్లు కుళాయిలకు చుట్టే తెల్ల టేపు చుట్టి, పైన ఎంసీల్ ముద్ద పెట్టి పంపారు. గొట్టం వేడికి అవి నిలుస్తాయా? టేపు మాడింది, ముద్ద పగిలి రాలిపోయింది. మూడోసారి వెళితే, గొట్టం మొత్తం మార్చాలి, కన్వర్టరు దానితోనే కలిసి ఉంటుంది, అన్నీ కలిపి వేలల్లో అవుతుంది అన్నారు. కన్వర్టరులో ప్లాటినం, పెల్లేడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి, అందుకే అంత ధర. చిన్నాన్న దగ్గర అంత డబ్బు లేదు. బండి తెచ్చి చింతచెట్టు కింద పెట్టేశాడు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. కాస్త పొగ కారితే నష్టమేంటి, అలాగే నడుపుకోవచ్చు కదా అని. నేనూ అదే అడిగితే మావయ్య, "ఒరేయ్ అల్లుడూ, పొగ బయటికి కారడం కాదురా, గాలి లోపలికి పోవడం చూడు" అన్నాడు. ఇంజను పొగ ఒకే ధారగా రాదు, దెబ్బ దెబ్బగా వస్తుంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య గొట్టంలో ఒత్తిడి ఒక్క క్షణం బయటి గాలి కంటే తగ్గుతుంది. అప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సారు పక్కనే ఉంది కాబట్టి ఆ గాలిలోని ఆక్సిజన్ దానికి తగులుతుంది. పాపం దానికేం తెలుసు, పొగలో ఆక్సిజన్ ఎక్కువుంది, పెట్రోలు చాలడం లేదు అని కబురు పంపిస్తుంది. కంప్యూటరు నమ్మి పెట్రోలు పెంచుతుంది. అవసరం లేని పెట్రోలు సగం కాలి కన్వర్టరులోకి వెళ్లి అక్కడ మండుతుంది, అది అతిగా వేడెక్కి కొన్నాళ్లకు పాడవుతుంది. లీటరుకు 14 కిలోమీటర్లు వచ్చే వ్యాను ఆ వారంలో 10 కూడా ఇవ్వలేదని చిన్నాన్న లెక్క చెప్పాడు. అంటే సంత కిరాయి మొత్తం ట్యాంకులోకే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. వ్యానులో జనం కూర్చునేది ఆ గొట్టానికి పైనే. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అద్దాలు మూసుకుని పిల్లతల్లిని తీసుకెళ్లే బండిలో అది చేరితే తల తిరుగుతుంది, మత్తు వస్తుంది, ప్రాణం కూడా పోవచ్చు.

పాత రకం సెన్సార్లలో ఒకే వైరు ఉన్నవి ఉంటాయి. వాటికి రెండో వైరు బదులు మర ద్వారానే గొట్టంతో ఎర్తు అందుతుంది. అలాంటి దానికి టేపు చుడితే ఎర్తు తెగిపోయి సెన్సారు చచ్చినట్టే. కాబట్టి టేపు ఏ విధంగా చూసినా తప్పే. కొందరు సెన్సారునే గొట్టానికి వెల్డింగు చేసేస్తారట. ఆ వేడికి లోపలి పింగాణీ పగులుతుంది, మళ్లీ మార్చాలంటే కోయాల్సిందే.

మావయ్య వచ్చిన రోజు సాయంత్రం బండికి చేసిందల్లా ఒక్కటే, సెన్సారు మొదట్లో తుప్పు వదిలే నూనె చల్లి నిద్రపోవడం. గొట్టం గోరువెచ్చగా ఉండగా చల్లాడు. బాగా కాలుతున్నప్పుడు చల్లితే అంటుకుంటుంది. పొద్దున లేచి మళ్లీ చల్లాడు. సెన్సారు వదులుగానే ఉంది కదా, ఇంకెందుకు నూనె అన్నాను. వదులుగా ఉన్నా వంకరగా ఇరుక్కుంది, వచ్చేటప్పుడు మిగిలిన మెలికలను కూడా తీసుకుపోతుంది అన్నాడు. తర్వాత 22 మిల్లీమీటర్ల రింగు పానా పెట్టి పావు చుట్టు విప్పడం, అరపావు చుట్టు బిగించడం, నూనె చల్లడం, మళ్లీ పావు చుట్టు. ఇలా గంటసేపు. నాకు విసుగొచ్చింది కానీ ఆయనకు రాలేదు. బాగా బిగుసుకున్న సెన్సారు తీయడానికి కూడా ఇదే పద్ధతి. ఎలాగూ పారేసే సెన్సారైతే వైర్లు కత్తిరించి పూర్తి బాక్సు పానా తొడగొచ్చు, అప్పుడు మూలలు అరగవు. దాచుకోవాలంటే వైరు పట్టేలా పక్కన చీలిక ఉన్న బాక్సు పానా వాడాలి.

సెన్సారు బయటికొచ్చాక టార్చిలైటు, చిన్న అద్దం పెట్టి బుష్ లోపల చూశాం. బయటివైపు మూడు మెలికలు ఒకదాని మీద ఒకటి వాలి ముద్దయిపోయాయి. మధ్యలో నున్నగా ఉంది. లోపలి చివర రెండు మూడు మెలికలు మాత్రం మెరుస్తున్నాయి. ఏ పద్ధతి వాడాలి అనేది ఇలా చూశాకే తేలుతుంది. చూడకుండా టాపు పెట్టేవాడు మందు రాసే ముందు నాడి చూడని వైద్యుడి లాంటివాడు.

అన్నిటికంటే తేలికైన పద్ధతి మర శుభ్రం చేయడం. లోహం పోలేదు, ఒకటి రెండు మెలికలు వంగాయి, తుప్పు పేరుకుంది అన్నప్పుడు ఇది చాలు. దీనికి చేజర్ అనే పనిముట్టు అమ్ముతారు. టాపు కూడా చూడటానికి అలాగే ఉంటుంది, కానీ టాపు లోహాన్ని కోస్తుంది, చేజర్ ఉన్న గాడినే సర్దుతుంది. మావయ్య దగ్గర చేజర్ లేదు. పాత సెన్సారును వైసులో బిగించి, రంపపు బ్లేడుతో దాని మర మీద నిలువుగా నాలుగు గాట్లు కోశాడు. అదే చేజర్ అయిపోయింది. గాట్ల అంచులు మురికిని గీకుతాయి, ఆ మురికి గాట్లలో చేరుతుంది. ఎంత సుళువో చూడండి. కోసేముందు ఆ పాత సెన్సారు మరను ఆకురాయితో, ఇనుప బ్రష్షుతో బాగు చేసుకోవాలి, లేకపోతే దాని గాయాలే కొత్తచోట పడతాయి.

గాట్లలో నిండా గ్రీజు పెట్టాడు. ఈ సెన్సారు చోటు కన్వర్టరుకు ముందుంది. ఇనుప రజను లోపల పడితే పొగతో కొట్టుకుపోయి కన్వర్టరు సన్నటి గదుల్లో చిక్కుకుంటుంది. గ్రీజు ఉంటే రజను దానికి అంటుకుని బయటికొస్తుంది. ఒక చుట్టు తిప్పడం, బయటికి తీసి తుడవడం, మళ్లీ గ్రీజు. అయస్కాంతం పెట్టి కూడా చూశాం, కానీ స్టెయిన్‌లెస్ స్టీలులో కొన్ని రకాలు అయస్కాంతానికి అంటవు, కాబట్టి దాన్నే నమ్ముకోకూడదు.

బయటి మెలికలు చెడి లోపలివి బాగున్నప్పుడు ఇంకో మంచి ఉపాయం ఉంది. ముడుచుకుని లోపలికి పోయి అక్కడ విచ్చుకునే టాపు ఒకటి దొరుకుతుందట. అది లోపలి మంచి మెలికలను పట్టుకుని బయటికి తిరుగుతూ వస్తుంది. మంచిదాని వెంట నడిచి చెడ్డదాన్ని సర్దుతుంది కాబట్టి వంకర పోయే భయం లేదు. మావయ్య దాన్ని పుస్తకంలో బొమ్మ చూశాడే తప్ప చేత్తో పట్టలేదు, నేను బొమ్మ కూడా చూడలేదు.

మధ్యాహ్నానికి మా చేజర్ పని అయింది. సెన్సారు వేళ్లతోనే చక్కగా దిగింది. చిన్నాన్న మొహం వెలిగిపోయింది, "అయిపోయినట్టే కదా బావా" అన్నాడు. మావయ్య ఏమీ అనకుండా పానా పెట్టి మెల్లగా బిగించాడు. బిగుతు వస్తోంది, వస్తోంది, ఉన్నట్టుండి పానా వదులుగా తిరిగింది. మిగిలిన రెండు మెలికలు కూడా ఊడిపోయాయి. మెకానిక్కుల భాషలో ఫ్రీ అయిపోయింది. ఆ పూట ఎవరూ సరిగా అన్నం తినలేదు. నన్నడిగితే రెండు మెలికల మీద బిగించి చూడకుండా ముందే కొత్త బుష్ అనుకోవలసింది. కానీ ఖర్చు తక్కువైన దారిని ముందు చూడటం కూడా తప్పు కాదు కదా, ఎలాగూ పోయే మర అది.

మర పూర్తిగా పోతే రెండు దారులు. ఒకటి, రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి అందులో కొత్త మర ఉన్న పల్చటి తొడుగు దింపడం. స్ప్రింగు తీగలా చుట్టిన హెలికాయిల్ అనేది ఒక రకం, గట్టి గొట్టంలా ఉండే టైమ్‌సర్ట్ లాంటిది ఇంకో రకం. సెన్సారుకు గట్టి రకమే మేలు, ఎందుకంటే తీగ రకం వేడికి సెన్సారుకు పట్టుకుని వచ్చేసారి దానితోపాటే ఊడి రావచ్చు. బుష్ గోడ మందంగా ఉంటేనే ఈ పని. మాది సన్నం, అందుకని దాన్ని వదిలేశాం.

రెండో దారి కొత్త బుష్ వెల్డింగు చేయడం. మావయ్య చివరికి చేసింది ఇదే, నాకు అన్నిటికంటే నచ్చిందీ ఇదే. గొట్టాన్ని బండి నుంచి విప్పి సంచిలో కట్టుకుని లేతు షాపుకు వెళ్లాం. 25 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ ముక్క తీసుకుని లేతుకు బిగించి మధ్యలో రంధ్రం వేశాడు. ఎంత రంధ్రం వేయాలో నన్ను చెప్పమన్నాడు. నేను 18 అన్నాను. నవ్వాడు. 18 రంధ్రం వేస్తే మర కోయడానికి లోహం ఎక్కడుంటుంది? 18లోంచి మెలికల దూరం 1.5 తీసేయాలి. 16.5 మిల్లీమీటర్లు. ఏ మరకైనా ఇంచుమించు ఇదే లెక్క, నోటుపుస్తకంలో రాసుకోండి.

టాపులు మూడు వస్తాయి, ఒకదాని తర్వాత ఒకటి వాడాలి. మొదటిదానికి మొన సన్నం. నూనె వేసి అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు టిక్ మని కోసిన ముక్క తెగుతుంది. వెనక్కి తిప్పకుండా తొందరపడితే ముక్కలు చిక్కుకుని టాపు విరుగుతుంది, విరిగిన టాపు తీయడం బావిలో పడిన చేద తీయడం కంటే కష్టం. నాకు కూడా రెండు చుట్లు తిప్పనిచ్చాడు. బుష్ స్టెయిన్‌లెస్ తో చేస్తే తుప్పు పట్టదు కానీ కోయడం కష్టం, బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ అతుక్కుపోయే గుణం కూడా ఉంది. అందుకని మామూలు ఇనుమే వాడాడు.

పాత బుష్ ను గ్రైండరుతో పూర్తిగా తీసేసి, అదే చోట కొత్తది నిలబెట్టాం. చోటు మార్చకూడదు. సెన్సారు కొన పైనుంచి కిందికి వాలి ఉండాలి, అడ్డంగా పడుకోబెట్టినట్టుగానీ కింది నుంచి పైకిగానీ పెట్టకూడదు. చల్లని ఇంజను మొదలుపెట్టగానే గొట్టంలో నీటి చుక్కలు చేరుతాయి. అవి వేడెక్కిన పింగాణీ మీద పడితే పగులుతుంది, వేడి గాజు చిమ్నీ మీద నీళ్లు చిమ్మినట్టు. కనీసం 10 డిగ్రీల వాలు ఉండాలంటారు. వెల్డింగు చేసేటప్పుడు బుష్ లో మనం గాట్లు కోసిన పాత సెన్సారును వదులుగా తిప్పి ఉంచాడు. లేకపోతే వేడికి ఉంగరం కోడిగుడ్డులా సాగి మర చెడుతుంది. కొత్త సెన్సారు మాత్రం దగ్గర్లో కూడా లేదు. గొట్టం స్టెయిన్‌లెస్, బుష్ మామూలు ఇనుము, రెండు వేరు లోహాలు కాబట్టి 309 రకం రాడ్డు వాడారు. బండి మీదే ఉంచి వెల్డింగు చేయాల్సి వస్తే బ్యాటరీ వైర్లు తప్పకుండా విప్పాలి, లేకపోతే ఆ కంప్యూటరుకు దెబ్బ. పెట్రోలు ట్యాంకు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

చల్లారాక మూడో టాపును ఇంకోసారి మెల్లగా తిప్పి మర సరిచూశాడు. గొట్టం ఒక చివర గుడ్డ కుక్కి, రెండో చివర నుంచి గాలి పంపి, వెల్డింగు చుట్టూ సబ్బు నీళ్లు రాశాం. ఒకచోట చిన్న బుడగ లేచింది. మళ్లీ ఒక చుక్క వెల్డింగు. రెండోసారి బుడగ లేదు.

బిగించేటప్పుడు మావయ్య చేసినదాన్ని నేను చాలాసార్లు వేరే బోల్టుల మీద చేసి చూశాను, బాగా పనిచేస్తుంది. సెన్సారును రంధ్రంలో నిలబెట్టి ముందు వెనక్కి, అంటే విప్పే వైపు తిప్పాలి. ఒకచోట టక్ మని కిందికి దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. మొదటి మెలిక మొదటి గాడి మీదకు వచ్చిందని అర్థం. అప్పుడు బిగించే వైపు తిప్పితే వంకర పోదు. కనీసం నాలుగు చుట్లు వేళ్లతోనే దిగాలి. దిగకపోతే పానా ముట్టకూడదు, విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. మరకు నికెలు కలిసిన వేడికి తట్టుకునే గ్రీజు సన్నగా రాశాడు, వచ్చేసారి తేలిగ్గా ఊడి రావడానికి. మామూలు గ్రీజు అక్కడ మాడిపోతుంది. ఏ గ్రీజైనా మర మీదే, కొనకు తగలకూడదు. కొత్త సెన్సార్లకు కొన్నిటికి కంపెనీ వాళ్లే రాసి పంపిస్తారు, అప్పుడు మళ్లీ రాయక్కర్లేదు. చివరగా ఒక అడుగు పానా, 15 కిలోల బలం. వాషరు నలిగి కూర్చునేంత, అంతే.

ఇంజను వేశాక షెడ్డులో కాకుండా బయట ఆరుబయట వినమన్నాడు. పట పట లేదు. పసుపు దీపం మొదటి రోజు వెలిగే ఉంది, స్కానరు ఉన్న ఇంకో షెడ్డులో పాత తప్పు చెరిపించాక మళ్లీ రాలేదు. ఖర్చు ఇనుప కడ్డీకి, రాడ్డులకు, గ్రీజుకు మాత్రమే అయింది, మావయ్య కూలి తీసుకోలేదు. ఒక కోడిని మాత్రం కోశాం.

దీపావళికి వచ్చినప్పుడు చిన్నాన్న లీటరుకు 14 మళ్లీ వస్తోందని చెప్పాడు. గాట్లు కోసిన ఆ పాత సెన్సారును మావయ్యను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడది మన సైన్సు ల్యాబులో, అద్దాల బీరువా కింది అరలో, బార్ అయస్కాంతాల పక్కన ఉంది. దాని మర మీద పాత గాయాలు, రంపపు గాట్లు రెండూ కనిపిస్తాయి. చూడాలనుకున్నవాళ్లు సైన్సు సారును అడిగి తీసుకోండి, చూశాక అక్కడే పెట్టండి.